గది చీకటి చేసి వీధిని లోపలికి పిలవండి

పర్లాకిమిడి

చిరంజీవులు బుజ్జికి, చంటికి, మీ క్లాసు పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

ఈసారి ఆనంద మేళాకి మీ స్కూల్లో క్లాసుకో గది ఇచ్చారట. అందులో ఏం పెట్టాలో తేలక మీరు రెండు పార్టీలైపోయారని అమ్మ ఫోన్లో చెప్పింది. సగం మంది దయ్యాల గది అంటున్నారు, సగం మంది సెల్ఫీ పాయింటు అంటున్నారు. నన్నడిగితే రెండూ వద్దు. దయ్యాల గది ఏ మేళాలోనైనా ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. చిన్నపిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్ళు ఓసారి నవ్వి వెళ్ళిపోతారు. సెల్ఫీ పాయింటులో జనం తమ మొహాలే చూసుకుంటారు, మీరు పడ్డ కష్టం ఎవరికీ కనపడదు. గోడలకి చార్టులు అతికించే ఆలోచన ఉంటే అదీ మానేయండి. టీచర్లు తప్ప వాటిని ఎవరూ చదవరు, వాళ్ళైనా మార్కులు వెయ్యాలి కాబట్టి చదువుతారు.

దయ్యాల కోసం ఎలాగూ గది చీకటి చేద్దామనుకున్నారు కదా. చీకటి ఉంచుకుని దయ్యాల్ని పంపించెయ్యండి. కిటికీలన్నీ మూసి, ఒక్కదానికి వేలు దూరేంత చిల్లు పెట్టి, ఎదురుగా తెల్ల దుప్పటి కట్టండి. బయట పోయే ఆటోలు, సైకిళ్ళు, చెట్లు, గేటు దగ్గర గుప్‌చుప్ బండి, అన్నీ రంగులతో సహా తలకిందులుగా ఆ దుప్పటి మీద కదులుతాయి. కరెంటుతో పని లేదు, ప్రొజెక్టరుతో పని లేదు. వెలుగు తిన్నగా పోతుంది కాబట్టి చెట్టు చివర నుంచి వచ్చింది చిల్లు దాటి కిందికి దిగుతుంది, రోడ్డు మీద నుంచి వచ్చింది పైకి పోతుంది. కుడి ఎడమలు కూడా మారిపోతాయి. మీ సైన్సు పుస్తకంలోని పిన్‌హోల్ కెమెరా ఇదే. కాకపోతే ఇక్కడ చూసేవాళ్ళు కెమెరా లోపలే కూర్చుంటారు.

బాగా రావాలంటే ముందు కిటికీ ఏ దిక్కుకుందో చూడండి. బయటి వీధి మీద ఎండ పడుతుండాలి, మీ చిల్లులోకి మాత్రం ఎండ దూరకూడదు. పడమటి కిటికీ అయితే పొద్దున బాగుంటుంది, తూర్పుదైతే సాయంత్రం. మేళా చలికాలంలో కాబట్టి ఉత్తరం కిటికీ దొరికితే అదృష్టమే. అప్పుడు సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, ఎదురుగా ఉన్న గోడలు రోజంతా వెలుగులోనే ఉంటాయి. మబ్బు పట్టిందంటే మాత్రం బొమ్మ సరిగా కనపడదు.

చిల్లు పెద్దదైతే బొమ్మకి వెలుగొస్తుంది గానీ అలుక్కుపోతుంది. చిన్నదైతే స్పష్టంగా ఉంటుంది గానీ వెలుగు చాలదు. ఈ చిక్కు తీరాలంటే చిల్లు దగ్గర చత్వారపు అద్దం పెట్టాలి. ప్లస్ 1 పవరు అద్దానికి తెర మీటరు దూరంలో ఉంచితే దూరంగా ఉన్నవి స్పష్టంగా వస్తాయి. ప్లస్ 2 అయితే అర మీటరే. తెరని కాస్త ముందుకీ వెనక్కీ జరిపి చూసుకోండి. బొమ్మ చిన్నదవుతుంది కానీ మెరుస్తుంది. గదిలో రెండు రకాలూ పెడితే, తేడా ఎందుకొచ్చిందో చూసినవాళ్ళే మిమ్మల్ని అడుగుతారు.

ఎండలోంచి వచ్చినవాళ్ళకి మొదట ఏమీ కనపడదు. కళ్ళు చీకటికి అలవాటు పడాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకని గుమ్మానికి ఒక పరదా, దానికి నాలుగడుగులు లోపల ఇంకో పరదా కట్టండి. వచ్చినవాళ్ళని ఆ మధ్యలో నిలబెట్టి కబుర్లు చెప్పండి. ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో చెబితే మీ బరంపురంలో అందరికీ సరిపోతుంది. తొందరపడి లోపలికి తోసేస్తే 'ఏముందిక్కడ' అనేసి వెళ్ళిపోతారు.

ఇక జనం సంగతి. ఇలాంటి గదులు పాడయ్యేది ఎక్కువగా తోపులాట వల్లే. దీనికి గంజపా ముక్కలు వాడుకోండి. గంజపా అంటే ఒడిశాలో ఆడే గుండ్రటి పేకముక్కలు. పూరీ దగ్గర రఘురాజపూర్‌లో చిత్రకారులు గుడ్డని చింతగింజల జిగురుతో అట్టలా చేసి, వాటి మీద బొమ్మలు వేస్తారు. ఎనిమిది రంగుల ఆటకి 96 ముక్కలు. రంగుకి పన్నెండు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. మీరు పాత శుభలేఖల మీద గాజు పెట్టి గుండ్రాలు గీసి కత్తిరించుకోండి. వచ్చినవాళ్ళకి వరసగా ఒక్కో ముక్క ఇచ్చి, ఒక రంగువాళ్ళు పన్నెండు మందీ చేరగానే లోపలికి పంపండి. ఆట్టే ఆలస్యం చేయకుండా విడతకి ఆరు నిమిషాలు చూపిస్తే గంటకి 120 మంది చూడొచ్చు. రాజు ముక్క వచ్చినవాళ్ళు తెరకి దగ్గరగా కూర్చోవాలని పెట్టండి. బయటికొచ్చేటప్పుడు ముక్కలు వెనక్కి తీసుకోవడం మర్చిపోకండి.

వరండాలో నిలబడ్డవాళ్ళకీ ఏదో ఒకటి ఉండాలి. నేల మీద రంగు టేపుతో రెండు జతల పట్టాలు గీయండి. ఒకటి 762 మిల్లీమీటర్ల వెడల్పు, ఇంకోటి 1676. మొదటిది 1900లో నౌపడ నుంచి మా పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు కొలత, రెండోది ఇప్పటి బ్రాడ్‌గేజ్. క్యూని ఆ పట్టాల మధ్య నిలబెడితే పాత రైలు ఎంత చిన్నదో వాళ్ళకే తెలుస్తుంది. మీ తాతగారైతే ఆ లైను దగ్గరే పొద్దు గడిపేసి, గదిలోకి రారు కూడా.

చీకటి గదిలో కొవ్వొత్తి, అగరుబత్తి పెట్టొద్దు. తలుపుకి గడియ వెయ్యకండి. రెండో తలుపుంటే బయటికి పోవడానికి అదే వాడండి. లోపల ఒకరి చేతిలో ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఉండాలి, ఎరుపుకి కళ్ళు అంతగా చెదరవు. ఫ్యాను తిరగాలి, లేకపోతే మూసిన గదిలో ఉక్కపోస్తుంది. ఆ గాలికి దుప్పటి ఊగకుండా అడుగున కర్ర కట్టండి. నల్ల కాగితం కొనేముందు, మధ్యాహ్నం తలుపులన్నీ వేసుకుని ఎక్కడెక్కడి నుంచి వెలుగు దూరుతోందో చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. కిటికీ పైన వెంటిలేటర్‌ని అందరూ మర్చిపోతారు.

నా పాత కళ్ళజోడు ఆదివారం బస్సులో వచ్చే మీ పిన్నితో పంపిస్తాను. రెండు అద్దాలూ ప్లస్ 1 వే. ఫ్రేము విరిగినా ఫర్వాలేదు. కిటికీ ఏ దిక్కుకుందో, తెరకీ దానికీ ఎంత దూరం వస్తుందో కొలిచి రేపే ఫోన్ చెయ్యండి.

మీ అమ్మమ్మ