క్రీస్తు శకమా, సామాన్య శకమా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఒక పుస్తకంలో ‘క్రీ.పూ. 300’ అని, మరొక దానిలో ‘సా.శ.పూ. 300’ అని ఉందనీ, ఏది సరైనదో చెప్పమనీ అడిగారు. రెండూ ఒకే సంవత్సరం. ‘క్రీస్తు పూర్వం’ అన్నచోట ‘సామాన్య శకపూర్వం’ అన్నారు, అంతే. అంకె వెంట్రుకవాసి కూడా కదలలేదు.

పేరు గురించిన ఈ తగవు ఈనాటిది కాదు. రోము చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవులను హింసించాడు. అయినా ఆయన గద్దెనెక్కిన 284 నుంచే ఈస్టరు పండుగ పట్టికలకు సంవత్సరాలు లెక్కపెట్టేవారు. 525లో డయోనీసియస్ అనే సన్యాసికి ఇది నచ్చలేదు. పీడకుడి పేరు మనకెందుకని క్రీస్తు పుట్టుక నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఈజిప్టు క్రైస్తవులు మాత్రం 284 నుంచి వచ్చే లెక్కను అలాగే ఉంచి, దానికి ‘అమరవీరుల శకం’ అని పేరు పెట్టుకున్నారు. పీడకుడి లెక్కతోనే పీడితులను తలచుకోవడం! నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

పాపం, డయోనీసియస్ లెక్క కూడా కాస్త తప్పింది. క్రీస్తు పుట్టినప్పుడు హేరోదు రాజుగా ఉన్నాడని బైబిల్ చెబుతుంది. ఆ హేరోదు క్రీ.పూ. 4లోనే చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. అంటే క్రీస్తు ‘క్రీస్తు పూర్వం’ పుట్టాడన్నమాట. పైగా ఈ లెక్కలో సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 ముగియగానే క్రీ.శ. 1 వస్తుంది.

ఇక ప్రభుత్వాల సంగతి. మన దేశం శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా సంఘం సిఫారసుపై 1957 మార్చి 22న శక సంవత్సరాన్ని జాతీయ పంచాంగంగా స్వీకరించింది. శక లెక్కలో ఆ రోజు 1879 చైత్రం 1. అందుకే కేంద్ర ప్రభుత్వ గెజిట్‌లో రెండు తేదీలూ ఉంటాయి. థాయిలాండ్ బుద్ధ శకం మన 2024ను 2567 అంటుంది. జపాన్‌లో చక్రవర్తి మారితే శకం మారాలని 1979లో చట్టమే చేశారు.

అన్నట్టు, ‘శకం’ అన్న మాట శకులనే జాతి పేరు నుంచి వచ్చింది. క్రీస్తు పేరు తీసి ‘సామాన్య’ అని పెట్టినా శకులు మాత్రం కదలకుండా కూర్చున్నారు! అందుకే సా.శ. అని రాసినా, క్రీ.శ. అని రాసినా నాకు అభ్యంతరం లేదు. ఆ రెండక్షరాలను బట్టి రాసినవారి మతాన్ని ఊహించేవారితోనే నాకు పేచీ.

పాత ఎముకల, కట్టెల వయసు తేల్చే ప్రయోగశాలలో ఈ గొడవ లేదు. ప్రాణి చనిపోయాక దానిలోని కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ సుమారు 5730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిచి, చెట్ల వలయాలతో సరిచూసి, ‘ఇప్పటికి ఇన్నేళ్ల క్రితం’ అని రాస్తారు. ఏటా మారిపోయే ‘ఇప్పుడు’తో చిక్కు కాబట్టి దాన్ని 1950 దగ్గర ఆపేశారు. ఆ తరువాత అణుపరీక్షలు గాలిలోని కార్బన్ లెక్కను ఎలాగూ తారుమారు చేశాయి.

నేను పుట్టింది 1952లో. వాళ్ల లెక్కలో మీ తాతయ్య ఇంకా పుట్టనే లేదు.

ప్రేమతో,
మీ తాతయ్య