గొట్టంలో మిగిలే 48 లీటర్లు

రసాయనాల యార్డుకు కొత్త ద్రవ సరుకు వస్తుంది. దాన్ని ట్యాంకర్లలోకి నింపడానికి వేరే పంపు, ట్యాంకరు మీదికి ఎక్కి నింపే వేరే గాంట్రీ, సరుకు పోసే వేరే లోడింగ్ ఆర్మ్ (కదిలే గొట్టపు చేయి) కావాలంటే డబ్బు కావాలి, స్థలం కావాలి. ఉత్తర చెన్నైలో రెండూ దొరకవు. అందుకని ఎవరో ఒకరు అంటారు, "ఉన్నదాన్నే కడిగి రెండింటికీ వాడుకుందాం" అని. మణలి, ఎన్నూరు వైపు లోడింగ్ పనుల్లో ఉన్న మన తెలుగువాళ్ళకు ఈ మాట కొత్త కాదు. రెండు మూడేళ్ళకు ఒకసారైనా లేచే ప్రశ్న ఇది. దీని వెనుక నూటయాభై ఏళ్ళకు పైబడిన కథ ఉంది.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1865లో డెన్స్‌మోర్ సోదరులు రైలు బండి మీద రెండు పెద్ద చెక్క తొట్లు బిగించి ముడిచమురు పంపారు. ట్యాంకు వ్యాగన్ల కథ అక్కడ మొదలైంది. కొన్నేళ్ళకే చెక్క తొట్ల స్థానంలో అడ్డంగా పడుకోబెట్టిన ఇనుప పీపాలు వచ్చాయి. అప్పట్లో రవాణా అయ్యేది ముడిచమురు, దాన్నుంచి తీసిన కిరసనాయిలు. ఒకటి ఇంకొకదానిలో కాస్త కలిస్తే రంగు మారేది, దీపం పొగ చిమ్మేది. ఒకే సామగ్రిని వేర్వేరు సరుకులకు పంచుకోవడం అనే అలవాటు సరుకులన్నీ ఒకే కుటుంబానికి చెందిన ఆ రోజుల్లో పుట్టింది. సరుకులు మారాయి, అలవాటు మాత్రం ఉండిపోయింది.

మద్రాసులో ఆ మార్పు మణలిలో కనిపిస్తుంది. 1969లో మద్రాస్ రిఫైనరీస్ ఏడాదికి 25 లక్షల టన్నుల సామర్థ్యంతో పని మొదలుపెట్టింది. ఇప్పటి చెన్నై పెట్రోలియం అదే. పక్కనే ఎరువుల కర్మాగారం వచ్చింది. ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో డిటర్జెంట్ల ముడిసరుకు, కాస్టిక్ సోడా, ప్రొపిలీన్ గ్లైకాల్, నురుగు పరుపులకు వాడే పాలియాల్ వంటివి తయారుచేసే సంస్థలు చేరాయి. పెట్రోలు, డీజిలు రైలెక్కాయి. రైల్వే ఆ వ్యాగన్లను సరుకును బట్టి వేరు చేసింది. బీటీపీఎన్ అని రాసి ఉంటే పెట్రోలియం ఉత్పత్తులకు, ఒక్కొక్కటి దాదాపు 70 కిలోలీటర్లు పడుతుంది. అమ్మోనియాకు, వంటగ్యాసుకు వేరే రకాలు ఉన్నాయి. మిగిలిన ద్రవ రసాయనాలు ఎక్కువగా రోడ్డు ట్యాంకర్లలోనే పోతున్నాయి. ఒకే బే (ట్యాంకరు నిలిపి నింపే చోటు) కింద పొద్దున ఒక సరుకు, సాయంత్రం మరొకటి నింపే ఒత్తిడి అక్కడే ఎక్కువ.

మజ్జిగ గిన్నెలో పాలు కాస్తే విరుగుతాయని ఏ ఇంట్లోనైనా తెలుసు. గిన్నె కడిగినా వాసన మిగిలితే మన అమ్మలు ఒప్పుకోరు. రసాయనాల దగ్గర విరిగేది పాలు కాదు. ఆమ్లం నింపిన గొట్టంలో కాస్టిక్ పోస్తే వేడి పుట్టి ఎగజిమ్ముతుంది. ఐసోసయనేట్ అనే రసాయనానికి నీటి తడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి మూసిన ట్యాంకులో పీడనం పెరుగుతుంది. కాస్టిక్‌కు చక్కగా సరిపోయే ఈపీడీఎం రబ్బరు గాస్కెట్ (అతుకులో కారకుండా ఆపే పట్టీ) టోలుయిన్ అనే ద్రావణి తగిలితే ఉబ్బిపోతుంది. పైగా రబ్బరు పీల్చుకున్న టోలుయిన్ తరువాతి సరుకులోకి మెల్లగా ఊరుతుంది. ఎంత కడిగినా అది బయటి నుంచి కనిపించదు.

కడగడంలోనూ ప్రమాదం ఉంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మామూలు ఉక్కులో రవాణా చేస్తారు. ఆమ్లం ఉక్కు మీద ఐరన్ సల్ఫేట్ పొరను ఏర్పరుస్తుంది, ఆ పొరే ఉక్కును కాపాడుతుంది. కడగడానికి నీళ్ళు పోస్తే ఆమ్లం పలచబడి ఉక్కును తినడం మొదలుపెడుతుంది, హైడ్రోజన్ పుడుతుంది. 'నీళ్ళతో ఒకసారి కడిగేయండి' అనే ఆదేశాన్ని నేను విన్నప్పుడల్లా భయపడతాను.

ఒకే కుటుంబంలోని సరుకుల మధ్య కూడా ఇలాంటి గొడవ ఉంది. పెట్రోలు ఖాళీ చేసిన ట్యాంకులో డీజిలు నింపితే, లోపల మిగిలిన పెట్రోలు ఆవిరికి డీజిలు ప్రవాహంలో పుట్టే స్థిర విద్యుత్తు నిప్పురవ్వ తోడవుతుంది. అందుకే నింపే గొట్టం కొస ద్రవంలో మునిగేవరకు వేగం సెకనుకు ఒక మీటరు దాటకూడదన్న నియమం వచ్చింది.

నింపే చోట, దింపే చోట జరిగే పొరపాటుకు 2016 అక్టోబరు 21 మంచి సాక్ష్యం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఆచిసన్‌లో ఒక ట్యాంకరు నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం దింపుతూ, సోడియం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) ట్యాంకు గొట్టానికి తగిలించారు. క్లోరిన్ మేఘం లేచింది. 140 మందికి పైగా వైద్యసాయం కోసం వెళ్ళారు. విచారణలో తేలింది ఏమిటంటే, నింపే గొట్టాల మూతులు పక్కపక్కనే ఉన్నాయి, చూడడానికి ఒకేలా ఉన్నాయి. మనిషిని తప్పుపట్టడం తేలిక. అలా అమర్చింది ఎవరని అడగాలి.

నియమాలు మాత్రం చాలావరకు ట్యాంకు చుట్టూనే అల్లుకున్నాయి. 1994లో అమెరికాలో పచ్చి గుడ్ల ద్రవం మోసిన ట్యాంకర్లలోనే ఐస్‌క్రీమ్ మిశ్రమం మోశారు. దాదాపు 2,24,000 మందికి సాల్మొనెల్లా సోకి ఉంటుందని అంచనా వేశారు. 2024లో చైనాలో బొగ్గు నుంచి తీసిన ఇంధనం మోసిన ట్యాంకర్లలో కడగకుండానే వంటనూనె మోస్తున్నారని పత్రికలు బయటపెట్టాయి. ఓడల విషయానికి వస్తే 1987లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నిబంధనలు ట్యాంకు అడుగున ఎంత మిగలవచ్చో కూడా చెబుతాయి. ఇంతకుముందు ఏ సరుకు మోశారో అడగడం, శుభ్రం చేసినట్టు సర్టిఫికెట్ చూడడం ఇప్పుడు మామూలు పద్ధతి. అలా ట్యాంకుకు ఒక జాతకం ఏర్పడింది. గొట్టానికి, ఆర్మ్‌కు, గాస్కెట్‌కు నేను చూసిన యార్డుల్లో చాలావాటిలో పీడన పరీక్ష కాగితం ఉండేది, నిన్న ఏమి మోసిందో ఉండేది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు లోడరు నాకు ఇది చూపించాడు. ట్యాంకరుకు 'శుభ్రంగా, పొడిగా ఉంది' అని సంతకమైంది. ఆయన గొట్టాన్ని ఒక చివర భుజానికెత్తుకుని, అడుగులో అడుగు వేస్తూ రెండో చివరి దాకా నడిచాడు. అక్కడ పెట్టిన బకెట్లోకి పసుపుపచ్చని ద్రవం సగం దాకా పడింది. "బాబూ, ట్యాంకరుకు కాగితం ఇచ్చారు. దీనికి ఎవరిచ్చారు?" అన్నాడు.

లెక్క వేసి చూద్దాం. మూడు అంగుళాల పైపులో మీటరుకు 4.8 లీటర్లు నిలుస్తుంది. వాల్వు నుంచి ఆర్మ్ కొస దాకా పది మీటర్లనుకుంటే 48 లీటర్లు. 70 కిలోలీటర్ల వ్యాగన్‌లో అది 0.07 శాతం. 20 కిలోలీటర్ల రోడ్డు ట్యాంకరులో 0.24 శాతం. మందులకు వాడే ప్రొపిలీన్ గ్లైకాల్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష ద్రవం 0.1 శాతం మించకూడదు. గొట్టంలో మిగిలింది అదే అయితే, రోడ్డు ట్యాంకరులో ఆ హద్దు దాటినట్టే.

ఈ రెండు పేర్లు మద్రాసుకు కొత్తవి కావు. 1970ల మొదట్లో ఇక్కడి పిల్లల ఆస్పత్రిలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన మందు పసిపిల్లల ప్రాణాలు తీసింది. 2025లో కాంచీపురం జిల్లాలో తయారైన దగ్గుమందులో అది దాదాపు సగం ఉందని తేలింది, మధ్యప్రదేశ్‌లో పిల్లలు చనిపోయారు. అంత మోతాదు గొట్టంలో మిగిలిన ద్రవం వల్ల రాదు, ఆ నేరాలు వేరే చోట జరిగాయి. అయినా మందుకు పోయే సరుకును పారిశ్రామిక సరుకుతో ఒకే ఆర్మ్ మీద నింపమంటే నేను ఒప్పుకోను, ఎంత ఆదా అయినా సరే. ఒకే శ్రేణి పాలియాల్‌లను పంచుకోవచ్చు, మొదటి ద్రవాన్ని పక్కకు తీసి నమూనా పరీక్షిస్తే చాలు. ఆమ్లానికి, కాస్టిక్‌కు, హైపోక్లోరైట్‌కు మాత్రం ఒకదాని మూతి ఇంకొకదానికి అసలు బిగియకుండా వేర్వేరు కప్లింగులు (గొట్టాలు కలిపే బిగింపులు) పెట్టాలి.

ఇప్పుడు నేను పనిచేసే చోట పోయిన ఏడాది నుంచి గొట్టాలకు ఒక పుస్తకం పెట్టాం. ప్రతి గొట్టానికి నంబరు, చివర మోసిన సరుకు, ఎత్తి ఖాళీ చేసినవారి సంతకం, పడిన ద్రవం ఎంత అన్న గడి. మొదటి నెలలో ఆ చివరి గడిలో సున్నా ఒక్కసారి కూడా రాలేదు.