కంటిరెప్పల ఆపరేషన్: ఓపీలో రోజూ వినే మాటలు, నేను చెప్పే జవాబులు

నేను హనుమకొండలో కంటి డాక్టర్‌ని, అందులోనూ రెప్పల పని ఎక్కువ చేస్తాను. బ్లెఫరోప్లాస్టీ అంటారు దీన్ని, అంటే రెప్ప మీద సాగిన తోలునూ, అవసరమైతే లోపల ఉబ్బిన కొవ్వునూ సరిచేసే ఆపరేషన్. పెండ్లిళ్ల సీజన్ దగ్గర పడితే దీని గురించి అడిగేవాళ్లు పెరుగుతారు. వచ్చేది పెండ్లికూతురు అనుకునేరు, పెండ్లికూతురి అమ్మ! వాళ్లలో చాలామందిని కత్తి పట్టకుండానే వాపసు పంపిస్తాను. ఎందుకంటారా, వాళ్లు అడిగేది ఒకటి, వాళ్లకున్న సమస్య ఇంకొకటి.

అపోహ: "రెప్ప వాలింది, తోలు కోసేస్తే అయిపోతది"

రెప్ప వాలినట్టు కనపడటానికి కనీసం మూడు కారణాలున్నాయి. వయసుతో తోలు సాగి వెంట్రుకల మీద పడొచ్చు. లేదా తోలు బాగానే ఉండి, రెప్పను పైకి లేపే కండరం సడలి ఉండొచ్చు, దీన్ని టోసిస్ అంటాం. లేదంటే కనుబొమ్మే కిందికి దిగి రెప్ప మీద కూర్చుని ఉండొచ్చు. అద్దంలో చూసుకునేవాళ్లకు మూడూ ఒక్కలాగే కనపడతాయి, కానీ మొదటిదానికే తోలు తీయడం మందు. రెండోదానికి కండరాన్ని బిగించాలి. మూడోదాంట్లో ఒట్టి తోలు తీస్తే ఏమవుతుందంటే, ఇన్నాళ్లూ చూపుకు అడ్డం రాకుండా నుదుటితో కనుబొమ్మను ఎత్తి పట్టుకున్న మనిషి, ఇక అవసరం లేదని ఆ పట్టు వదిలేస్తాడు, కనుబొమ్మ ఇంకాస్త దిగుతుంది, డబ్బులు పెట్టి ముఖం మరింత అలసటగా చేయించుకున్నట్టు అవుతుంది.

ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. అద్దం ముందు కళ్లు మూసుకుని, నుదురు పూర్తిగా వదులు చేసి, మెల్లగా తెరవండి. కళ్లతోపాటు కనుబొమ్మలు కూడా పైకి లేస్తున్నాయంటే మీరు రోజంతా నుదుటితో రెప్పలు మోస్తున్నారన్నమాట. సాయంత్రానికి నుదురు బరువెక్కి తలనొప్పి రావడానికి ఒక్కోసారి ఇదే కారణం.

ఏనుమాముల యార్డులో మిర్చి వ్యాపారం చేసే ఒక పెద్దాయన వచ్చాడు ఒకసారి. పొద్దున రెప్పలు బాగానే ఉంటాయట, కాంటాలు అయ్యేసరికి మూతపడతాయట, అప్పుడప్పుడూ ఒక్కటి రెండుగా కనపడుతుందట. "తోలు తీసేయుర్రి మేడమ్, ఖర్చుకు ఫికర్ లేదు" అన్నాడు. రెప్ప మీద రెండు నిమిషాలు ఐస్ పెట్టి తీశాను, రెప్ప లేచింది. అది మయస్థీనియా గ్రావిస్, నరానికీ కండరానికీ మధ్య సంకేతం సరిగా అందని జబ్బు. న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను, గోళీలతో కుదుటపడ్డాడు. కోసి ఉంటే? మాట్లాడకపోవడమే మంచిది.

ఇంకొక మాట, రెప్ప ఉన్నట్టుండి ఒకే రోజులో వాలి, తలనొప్పి వచ్చి, ఒక కంటి పాప రెండోదానికన్నా పెద్దదైందంటే అది నా ఓపీకి రావాల్సిన కేసు కాదు. రాత్రయినా సరే, నేరుగా ఎంజీఎం ఎమర్జెన్సీకో, స్కాన్ ఉన్న ఏ పెద్దాసుపత్రికో పరుగెత్తండి, మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు.

అపోహ: "మళ్లీ మళ్లీ రాలేం, ఒక్కసారే గట్టిగ తీసేయండి"

అమ్మా, రెప్ప ఉన్నది అందానికి కాదు, మూసుకోవడానికి. నిమిషానికి అన్నిసార్లు కొట్టుకుంటూ కంటిని తడిపేదీ, రాత్రి కప్పి పడుకోబెట్టేదీ అదే. మా పనంతా ఎంత తీయాలన్న లెక్కలో కన్నా ఎంత మిగల్చాలన్న లెక్కలోనే ఉంటుంది. వెంట్రుకల గీత నుంచి కనుబొమ్మ దాకా సుమారు 20 మిల్లీమీటర్ల తోలు మిగలాలన్నది మేము పాటించే కొలత. అందుకే మత్తు సూది ఇవ్వకముందే, మిమ్మల్ని నిటారుగా కూర్చోబెట్టి పెన్నుతో గీతలు గీస్తాం. పడుకోబెడితే తోలు జారిపోతుంది, సూది ఇచ్చాక వాచిపోతుంది, రెండు సందర్భాల్లోనూ కొలత తప్పుతుంది.

వేరే ఊళ్లో చేయించుకుని వచ్చిన ఒకామె రాత్రిళ్లు కళ్లకు టేపు అంటించుకుని పడుకునేది. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంది, కన్ను మాత్రం మూతపడదు, నల్లగుడ్డు ఎండి మంట. జాకెట్టు బిగుతైతే లోపల మడిచిన బట్ట ఉంటుంది, కుట్లు విప్పి వదులు చేసుకోవచ్చు. రెప్పలో అలా మడిచిన బట్ట ఏమీ ఉండదు, చెవి వెనక నుంచి తోలు తెచ్చి అతకాలి. కొంచెం మిగిలిపోతే తర్వాత ఇంకొంచెం తీయొచ్చు, అది పావుగంట పని.

కళ్లు పొడిబారే గుణం ఉందేమో ముందే చూసేది కూడా ఇందుకే. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తాం. ఈమధ్యే లాసిక్ (కళ్లద్దాలు తీసేయడానికి చేసే లేజర్ ఆపరేషన్) చేయించుకున్నవాళ్లను ఆరు నెలలు ఆగమంటాను.

అపోహ: "కండ్ల కింద నలుపు పోతది"

పోదు. సంచి వేరు, నలుపు వేరు. సంచి అంటే కంటి గూట్లోంచి కొవ్వు ముందుకు తోసుకురావడం. దాన్ని కింది రెప్ప లోపలి వైపు నుంచి తీయొచ్చు, సర్దొచ్చు, పైన గాటు కూడా ఉండదు. నలుపు తోలు రంగైతే కత్తికి అక్కడ పనే లేదు. దురద వచ్చి కళ్లు నలుపుకునే అలవాటుంటే ముందు ఆ అలర్జీకి మందు వేయాలి, మిర్చి సీజన్‌లో మన దగ్గర ఈ కేసులకు కొదవ లేదు. పొద్దున్నే ఉబ్బి మధ్యాహ్నానికి తగ్గే కళ్లకు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు రాస్తాను, అందుకు కొందరు అలుగుతారు కూడా. నవ్వితే పక్కన పడే గీతలు కూడా ఈ ఆపరేషన్‌తో పోవు. రెప్ప మూలలో పసుపు మచ్చలుంటే తీసే ముందు కొలెస్ట్రాల్ చూపించుకోండి, సగంమందికి అది మామూలుగానే ఉంటుంది, మిగతా సగంమందికి గుండె గురించిన ముందస్తు కబురు.

అపోహ: "లేజర్‌తో అయితే కోత ఉండదు"

లేజర్ కూడా కోస్తుంది, అంతే. మచ్చ కనపడకపోవడానికి కారణం లేజర్ కాదు, గాటు రెప్ప మడతలో పడటం. కళ్లు తెరిస్తే మడత దాన్ని దాచేస్తుంది.

అపోహ: "కండ్లు పోతయట!"

ఇది పూర్తి అపోహ అని నేను అనను. ఆపరేషన్ తర్వాత కంటి వెనక రక్తం చేరడమన్నది దాదాపు 2,000 మందిలో ఒకరికి, దానివల్ల చూపు పోవడం దాదాపు 10,000 మందిలో ఒకరికి జరుగుతుందని లెక్క. ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే. అందుకే రెండు కళ్లకూ కట్టు కట్టి పంపను, చూపు ఎలా ఉందో మీకే తెలుస్తూ ఉండాలి. కమిలినట్టు ఉండటం, గుంజినట్టు ఉండటం మామూలే. కన్ను బయటికి తోసుకొస్తున్నట్టు భరించలేని నొప్పి, చూపు మసకబారడం మాత్రం మామూలు కాదు, తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే గోళీలు వాడేవాళ్లు ముందే చెప్పండి, కానీ మీ అంతట మీరు ఆపకండి. స్టెంట్ వేసుకున్న మనిషికి రెప్పల అందం కోసం గుండెతో బేరమా? ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టర్ చెప్పాలి.

ఇక ఆ రోజు ఏం జరుగుతుందంటే, పై రెప్పలకైతే చాలామందికి లోకల్ మత్తే. సూది చురుక్కుమంటుంది, మందు ఎక్కేటప్పుడు మండుతుంది, తర్వాత తెలియదు. మెలకువగానే ఉంటారు, మధ్యలో కళ్లు తెరవమంటాం, మూయమంటాం. రెండు రెప్పలకూ గంట అటూఇటూ, అదే రోజు ఇంటికి. రెండు రోజులు గంటకోసారి పది నిమిషాలు ఐస్, రెండు మెత్తల మీద తల పెట్టి పడుకోవడం. రెండో రోజు, మూడో రోజు వాపు ఇంకా పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే నాకు ఫోన్ వస్తుంది, "మేడమ్, ఒక కన్ను పెద్దగ ఒక కన్ను చిన్నగ అయింది" అని. రెండు వైపులా వాపు సమానంగా తగ్గదు, ఆగండి. కుట్లు ఐదు నుంచి ఏడు రోజుల్లో తీస్తాం, కమిలిన నలుపు పచ్చగా మారి రెండు వారాల్లో పోతుంది, గాటు ఎరుపు తగ్గి అసలు రూపు రావడానికి మూడు నెలలు పట్టొచ్చు. పెండ్లికి పది రోజుల ముందు వచ్చేవాళ్లకు నా దగ్గర మందు లేదు, కనీసం రెండు నెలల ముందు రండి.

పథ్యం సంగతి. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ తింటే దురద పెడుతుంది అని ఇంట్లో పెద్దవాళ్లు వారం రోజులు చారన్నం పెడతారు. చీము పట్టేది సూక్ష్మక్రిములతో, పప్పుతో కాదు. పప్పు, గుడ్లు, మటన్ అన్నీ తినండి, గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. షుగర్ ఉంటే మాత్రం అదుపులో పెట్టుకోండి. కుట్ల మీద పసుపు, కాటుక, కొబ్బరినూనె ఏవీ వద్దు, ఇచ్చిన ఆయింట్‌మెంట్ చాలు. తలస్నానం కుట్లు తీసేదాకా తల వెనక్కి వాల్చి ఇంకొకరితో పోయించుకోండి. బరువులు ఎత్తొద్దు, రెండు వారాలు యార్డు దుమ్ములోకి పోవద్దు, మేడారం జాతర ఏడాదైతే మొక్కు తీర్చుకుని వచ్చాకే ఆపరేషన్ పెట్టుకోండి.

ఖర్చు విషయం సూటిగా చెప్తాను, అందం కోసమైతే ఇన్సూరెన్స్ ఇవ్వదు. రెప్ప నిజంగా చూపుకు అడ్డం వస్తే ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంత మేర అందుతుందో కొలిచే పరీక్ష) రిపోర్టు, ఫొటోలు పెట్టి అడగొచ్చు, ఒప్పుకోవడం మాత్రం మీ పాలసీని బట్టి.

వచ్చేటప్పుడు కాటుక పెట్టుకోకుండా రండి, వాడే గోళీల స్ట్రిప్పులు తెండి, పది పదిహేనేళ్ల కిందటి ఫొటో ఒకటి తెండి. సినిమా హీరోయిన్ ఫొటో వద్దు, మీదే. అప్పుడు కూడా ఒక కన్ను కాస్త చిన్నగానే ఉండేదని అందులో చాలామందికి మొదటిసారి కనపడుతుంది.