ట్రంప్ వస్తే లండన్ తగలబడుతుందా? అపోహలు - వాస్తవాలు

లండన్ నుంచి తెలుగు చానళ్లకు వీడియో వార్తలు పంపడం నా పని. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ బ్రిటన్‌కు వచ్చినప్పుడల్లా లండన్‌లో ఆయనకు వ్యతిరేకంగా నిరసనలు జరుగుతాయి. అప్పుడు వార్తల పని ఒక ఎత్తు, ఇక్కడ చదువుకుంటున్న పిల్లల గురించి మన ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లు ఒక ఎత్తు.

అపోహ: నిరసనలు జరుగుతున్నాయంటే ఊరంతా అల్లకల్లోలం, పిల్లలు గది దాటకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. నిరసన అనగానే మనకు బంద్ గుర్తుకొస్తుంది. షట్టర్లు దించేస్తారు, డిపోల నుంచి బస్సులు కదలవు. లండన్‌కూ అదే లెక్క వేసుకుంటారు. ఇక్కడ ఊరేగింపు తీసేవాళ్లు మామూలుగా ఆరు రోజుల ముందే తేదీ, సమయం, వెళ్లే దారి రాసి పోలీసులకు ఇవ్వాలి. 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టంలో ఉన్న రూలే అది. ఆ దారిలో కొన్ని గంటలు బస్సులు మళ్లిస్తారు. రెండు వీధుల అవతల కాఫీ షాపులు నడుస్తూనే ఉంటాయి.

2025 సెప్టెంబర్ 17నే తీసుకోండి. లండన్‌లో పోర్ట్‌లాండ్ ప్లేస్ నుంచి పార్లమెంట్ స్క్వేర్ దాకా ట్రంప్‌కు వ్యతిరేకంగా మార్చ్ జరిగింది. పోలీసుల అంచనా ప్రకారం వచ్చినవాళ్లు దాదాపు 5,000 మంది, బందోబస్తుకు 1,600 మందికి పైగా పోలీసులు. ఆ సమయానికి ట్రంప్ లండన్‌లోనే లేరు, విండ్సర్ కోటలో రాజుగారి అతిథిగా ఉన్నారు.

ఆ సాయంత్రం ఖమ్మం నుంచి ఒకావిడ ఫోన్. "తమ్ముడూ, లండన్ తగలబడుతోందంట కదా, మా పాప ఫోన్ ఎత్తట్లేదు" అని ఏడుపు. ఆమెకు వచ్చిన క్లిప్ పంపమన్నాను. పొగ, పరుగులు, వెనక చెట్లు. ఆ చెట్లకు ఒక్క ఆకు లేదు. సెప్టెంబర్‌లో లండన్ చెట్లు పచ్చగా ఉంటాయి. ఎప్పటిదో చలికాలం వీడియో అది. అమ్మాయి గోదాములో షిఫ్టులో ఉంది, ఫోన్ లాకర్లో ఉంది. అప్పటిదాకా ఆ తల్లి అన్నం ముట్టలేదు. ఆమె టెన్షన్‌ను నేను తప్పుపట్టను. చూసుకోకుండా ఆ క్లిప్ గ్రూపుల్లో వేసినవాళ్ల మీదే నా కోపమంతా. ఇంట్లోవాళ్ల పోరు పడలేక పరీక్షకే వెళ్లని కుర్రాడు కూడా నాకు తెలుసు.

టీవీలో నిజంగా ఆ రోజుదే చూపించినా, అది కెమెరాకు దొరికిన ముక్క మాత్రమే. గంటల తరబడి ప్రశాంతంగా నడిచిన మార్చ్‌లో చానల్ న్యూస్ డెస్కు అడిగేది పది సెకన్ల తోపులాట. దాన్నే బులెటిన్ బులెటిన్‌కూ తిప్పుతారు.

అపోహ: ఫొటోలో జనం లేరు, కాబట్టి ఎవరూ రాలేదు.

ఏ గంటకు, ఎక్కడ నిలబడి తీశారో అడగండి. 2019 జూన్ 4న తాను లండన్‌లో ఉండగా జరిగిన నిరసన చాలా చిన్నదని, పెద్దదన్న వార్తలు ఫేక్ న్యూస్ అని ట్రంప్ అన్నారు. వానలో కూడా ఆ రోజు వేలమంది వచ్చారు. అలాగని నిర్వాహకులు చెప్పిన 75,000 కూడా ఎవరో లెక్కపెట్టి తేల్చిన అంకె కాదు. 2018లో వాళ్లు చెప్పిన రెండున్నర లక్షలూ అంతే.

అపోహ: 2018లో ట్రంప్ బొమ్మ బెలూన్ ఎగరేయించింది బ్రిటన్ ప్రభుత్వమే.

కాదు. ఆరు మీటర్ల ఆ బెలూన్ నిరసనకారులది. అనుమతి ఇచ్చింది లండన్ మేయర్ సాదిక్ ఖాన్ కార్యాలయం.

అపోహ: ఇలాంటి నిరసనల వల్ల నాయకులకు చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఆ బెలూన్ల సంగతి ఎత్తి, లండన్‌కు వెళ్లాల్సిన అవసరం తనకు కనిపించలేదని ట్రంపే 2018లో ఒక పత్రికకు చెప్పారు.

అపోహ: నిరసన దగ్గర కెమెరాకు చిక్కితే స్టూడెంట్ వీసా పోతుంది.

పిల్లలు భయపడుతూ అడిగే ప్రశ్న ఇది. కనిపించినంత మాత్రాన వీసా రద్దు చేసే నిబంధన బ్రిటన్‌లో లేదు. చట్టబద్ధమైన నిరసనలో విదేశీ విద్యార్థులూ పాల్గొనవచ్చు. జాగ్రత్త పడాల్సింది వేరే చోట. దారి, సమయం విషయంలో పోలీసులు షరతులు పెడితే వాటిని మీరడం నేరం. 2022లో చట్టం మార్చాక "నాకు తెలియదు" అన్నా సరిపోకపోవచ్చు. శిక్ష పడితే అది వీసా మీద పడవచ్చు. వెళ్లే ముందు ఆ రోజు షరతులు పోలీసుల వెబ్‌సైట్‌లో చదువుకోండి. అమెరికాలో విద్యార్థి వీసాల రద్దు వార్తలు చదివి ఇక్కడికి అన్వయించుకోకండి, అది వేరే దేశం, వేరే చట్టం.