వేలిని వంచేది నరం కాదు: డ్యుపిట్రెన్ కాంట్రాక్చర్‌పై అపోహలు - వాస్తవాలు

అరచేతిలో, ఉంగరపు వేలికో చిటికెన వేలికో దిగువన గట్టి ముడి ఒకటి తగులుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్లకు ఆ ముడి నుంచి వేలి వైపు తాడులాంటిది పాకుతుంది, వేలు మెల్లగా లోపలికి వంగుతుంది. ఇదే డ్యుపిట్రెన్ కాంట్రాక్చర్. ముఖం కడుక్కుంటే ఆ వేలు కంట్లో పొడుచుకుంటుంది, చేయి జేబులోకి దూరదు. చేతి శస్త్రచికిత్స నిపుణుడిగా నేను చూసేవారిలో చాలామంది ఈ దశకు వచ్చాకే వస్తారు. అంత ఆలస్యానికి కారణం నిర్లక్ష్యం కాదు, తప్పుడు సమాచారం.

అపోహ: "నరం పట్టేసింది డాక్టరు గారూ."

ఆ తాడును చూపించి దాదాపు అందరూ అనే మాట ఇదే. మన వాడుకలో రక్తనాళమూ నరమే, నాడీ నరమే, కండరాన్ని ఎముకకు కలిపే టెండనూ నరమే. ఈ తాడు ఆ మూడింటిలో ఏదీ కాదు. అరచేతి చర్మం కింద విసనకర్రలా పరుచుకున్న గట్టి పొర ఒకటి ఉంటుంది. వస్తువును బిగించి పట్టుకున్నప్పుడు చర్మం జారకుండా ఆపేది అదే. ఈ జబ్బులో ఆ పొరలోని కణాలు కొలాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్‌ను అతిగా తయారుచేస్తూ, తామూ ముడుచుకుంటూ పొరను కుదించేస్తాయి. దాని కింద టెండన్లు క్షేమంగానే ఉంటాయి. అందుకే పిడికిలి బిగుస్తుంది, వేలు మాత్రం చాపుకోదు. వేలు ఇరుక్కుని టక్కున విడివడుతుంటే అది ట్రిగ్గర్ ఫింగర్, దాని చికిత్స వేరు. లండన్ సర్జన్ హెన్రీ క్లైన్ 1777లోనే తప్పు ఈ పొరదని గుర్తించారు. 1831లో పారిస్‌లో దాన్ని కోసి వేలిని చాపిన గియోమ్ డ్యుపిట్రెన్ పేరు జబ్బుకు స్థిరపడింది.

అపోహ: ఇది తాగేవారికే వస్తుంది.

ఈ మాట వినలేక కుటుంబసభ్యుల ముందు తలదించుకున్నవారిని చూశాను. మద్యం, పొగ, మధుమేహం ముప్పును పెంచే మాట నిజమే. కానీ అన్నిటికన్నా బలమైన కారణం వంశపారంపర్యం. జీవితంలో చుక్క ముట్టనివారికీ ఇది వస్తుంది.

అపోహ: నూనె మర్దన చేసి, రోజూ లాగుతుంటే తాడు సాగుతుంది.

సాగుతుందనడానికి రుజువు లేదు. బలవంతంగా విరవబోతే కీలు వాచి మరింత బిగుసుకుంటుంది.

అపోహ: ముడి కనిపించగానే తీయించాలి. లేదా, పూర్తిగా వంగాకే చూపించుకోవచ్చు.

ఈ రెండూ తప్పే, కానీ రెండోది ఎక్కువ నష్టం చేస్తుంది. ముడి ఒక్కటే ఉండి వేలు నిటారుగా ఉంటే ఆపరేషన్ అక్కర్లేదు. కొందరిలో అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి: అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టండి. చేయి, వేళ్లు పూర్తిగా ఆనకపోతే డాక్టరును కలిసే సమయం వచ్చినట్టే.

ఏ కీలు వంగిందన్నది చాలా ముఖ్యం. వేలు అరచేతిని కలిసే చోటి కీలు ఓర్పు గలది. ఏళ్ల పాటు వంగి ఉన్నా, తాడును తెంచితే చాలావరకు మళ్లీ చాపుకుంటుంది. వేలి మధ్య కీలు అలా కాదు. అది కొంతకాలం వంగి ఉంటే చుట్టూ ఉన్న బంధనాలు కుంచించుకుపోతాయి, తర్వాత తాడును పూర్తిగా తీసేసినా వేలు నిటారు కాదు. అందుకే మొదటి కీలు విషయంలో సుమారు 30 డిగ్రీల వంపు వరకు ఆగుతాం. మధ్య కీలు వంగడం మొదలైతే మాత్రం అంతకాలం ఆగకుండా చికిత్స గురించి మాట్లాడతాం. "ఇంకొన్నాళ్లు చూద్దాం" అని వెళ్లి, ఆ కీలు బిగుసుకున్నాక తిరిగి వచ్చినవారికి నేను ఇవ్వగలిగింది చాలా తక్కువ. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అపోహ: సూదితో పోయేదానికి కత్తి ఎందుకు?

సూదితో తాడును తెంచే పద్ధతి మంచిదే. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి, చర్మం పైనుంచే సూదిమొనతో తాడును అక్కడక్కడ కోసి, వేలిని చాపుతాం. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు, కొద్ది రోజుల్లో పనిలో పడవచ్చు. అయితే తాడు లోపలే ఉంటుంది. 2012లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఐదేళ్లలో వంపు తిరిగి వచ్చినవారు సూది పద్ధతిలో సుమారు 85 శాతం, పొరను కోసి తీసిన శస్త్రచికిత్సలో సుమారు 21 శాతం. మరి శస్త్రచికిత్సే మేలా? దాని గాయం మానడానికి వారాలు పడుతుంది. వేలి నాడి, రక్తనాళం ఆ తాడు చుట్టూ మెలిపడి ఉండవచ్చు, వాటికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. వయసు మీరి, త్వరగా కోలుకోవాలనుకునేవారికి నేను ముందు సూదినే సూచిస్తాను. చిన్న వయసులోనే జబ్బు మొదలై, రెండు చేతులకూ వ్యాపించినవారితో శస్త్రచికిత్స గురించి మాట్లాడతాను.

కొలాజెన్‌ను కరిగించే కొలాజినేజ్ అనే ఎంజైమ్‌ను తాడులోకి ఎక్కించి, ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత వేలిని చాపే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో దానికి 2010లో అనుమతి లభించింది. తయారీదారు 2020లో ఐరోపా మార్కెట్ నుంచి దాన్ని ఉపసంహరించుకున్నారు. 2024లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో ఏడాది తర్వాత చేతి పనితనంలో అది శస్త్రచికిత్సకు సాటి రాలేదు.

అపోహ: ఒకసారి ఆపరేషన్ అయితే ఇక రాదు.

మేం సరిచేసేది వంపును. పొరలోని ఆ స్వభావాన్ని కాదు. జబ్బు అదే వేలికి తిరిగి రావచ్చు, పక్క వేలికీ పాకవచ్చు. తిరిగి వచ్చినప్పుడు కొందరికి ఆ చోటి చర్మాన్ని కూడా తీసి, వేరేచోటి చర్మాన్ని అతికిస్తాం. రెండోసారి కోసేటప్పుడు పాత మచ్చల మధ్య నాడిని వెతకడం కష్టం, కాబట్టి ప్రమాదమూ ఎక్కువే.

ఆపరేషన్ తర్వాత చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచండి, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు వేళ్లు కదుపుతూ ఉండండి. రాత్రి పూట వేలిని చాపి ఉంచే పట్టీ అందరికీ అవసరం లేదు, వంపు తిరిగి మొదలవుతున్నవారికి మాత్రమే నేను సూచిస్తాను. వేలి కొస పాలిపోయినా, నల్లబడినా, చేయి విపరీతంగా వాచి నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.