దుబ్రోవ్నిక్ యుగ్ క్లబ్: వాటర్ పోలోపై అపోహలు, వాస్తవాలు

నీటిలో ఈదుతూ బంతిని గోలులోకి విసిరే ఆట వాటర్ పోలో. దాన్ని నేర్పే మాలాంటివారు యూరప్ క్లబ్బుల ప్రస్తావన తెచ్చినప్పుడు, ముఖ్యంగా క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ నగరానికి చెందిన యుగ్ క్లబ్ పేరు ఎత్తినప్పుడు, వినేవారి నుంచి కొన్ని అభిప్రాయాలు తరచుగా ఎదురవుతుంటాయి. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా పొరపాట్లు. సుమారు 40 వేల జనాభా ఉన్న ఒక ఊరి జట్టు నాలుగుసార్లు యూరప్ క్లబ్బుల పోటీలో విజేత ఎలా కాగలిగిందో తెలియాలంటే ముందుగా ఈ అభిప్రాయాలను సరిచూసుకోవాలి.

అపోహ: క్రొయేషియాలో వాటర్ పోలో 1991లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తర్వాత ఎదిగిన ఆట.

వాస్తవం: యుగ్ 1923లోనే ఏర్పడింది. ఆ దశకం రెండో సగంలోనే అది క్రొయేషియా భాగంగా ఉన్న అప్పటి ఉమ్మడి దేశపు (తర్వాతి యుగోస్లావియా) టైటిళ్లను గెలవడం మొదలుపెట్టింది. తర్వాతి కాలపు యుగోస్లావియా లీగ్ ఎంత కఠినమైనదో చెప్పడానికి ఒక్క విషయం చాలు: 1964 నుంచి 1976 మధ్య బెల్‌గ్రేడ్‌కు చెందిన పార్టిజాన్, జాగ్రెబ్‌కు చెందిన మ్లాదోస్త్ కలిసి యూరప్ ఛాంపియన్స్ కప్‌ను పదిసార్లు గెలుచుకున్నాయి. అంటే యుగ్ ఆటగాళ్లు సొంత దేశపు లీగ్‌లో నెగ్గాలన్నా యూరప్ విజేతలను ఓడించాల్సి వచ్చేది. అటువంటి పోటీలో 1980ల తొలి సంవత్సరాల్లో యుగ్ వరుసగా జాతీయ టైటిళ్లు సాధించి, 1981లో మొదటిసారి యూరప్ విజేతగా నిలిచింది. ఆ తరానికి చెందిన గోరాన్ సుక్నో, బోజో వూలెతిచ్, వెసెలిన్ జూహో 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన యుగోస్లావియా జట్టులో ఉన్నారు. జూహో 1988 సియోల్‌లో రెండో స్వర్ణం కూడా అందుకున్నాడు.

స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరాలు ఈ ఊరికి ఎదుగుదల కాలం కాదు, ప్రాణాలు నిలబెట్టుకోవాల్సిన కాలం. 1991 అక్టోబరులో మొదలైన యుగోస్లావియా సైన్యపు ముట్టడిలో దుబ్రోవ్నిక్ ప్రజలు నెలల తరబడి నీళ్లు, కరెంటు లేకుండా గడిపారు. 1991 డిసెంబరు 6న పాత నగరంపై భారీగా ఫిరంగి దాడి జరిగింది. ఆ దెబ్బ నుంచి కోలుకొని, 2001లో గ్రీస్ క్లబ్ ఒలింపియాకోస్‌ను ఓడించి యుగ్ మళ్లీ యూరప్ విజేత అయింది. మధ్యలో ఇరవై ఏళ్ల ఎడం ఉంది. ఆ ఎడం చూడకుండా 2001 విజయాన్ని కొత్త దేశపు కొత్త ఉత్సాహంగా మాత్రమే వర్ణించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: యూరప్‌లో అత్యధిక టైటిళ్లు గెలిచిన క్రొయేషియా క్లబ్ యుగ్.

వాస్తవం: కాదు. ఆ గౌరవం ఏడు టైటిళ్లు ఉన్న మ్లాదోస్త్‌ది. యుగ్ గెలిచినవి 1981, 2001, 2006, 2016 సంవత్సరాల్లో వచ్చిన నాలుగు. స్ప్లిట్ నగరం నుంచి యాద్రాన్ 1992, 1993లలోనూ, పోష్క్ 1999లోనూ నెగ్గాయి. అయితే 2000 తర్వాత క్రొయేషియా జాతీయ లీగ్ టైటిళ్లలో అధిక భాగం యుగ్‌వే.

అపోహ: పక్కనే సముద్రం ఉంది కాబట్టి అక్కడి పిల్లలకు ఈ ఆట పుట్టుకతోనే వస్తుంది.

వాస్తవం: నేను ఎక్కువగా వినే మాట ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. సముద్రం ఒక్కటే కారణమైతే దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఈ ఆట వర్ధిల్లాలి, సముద్రానికి దూరంగా ఉన్న జాగ్రెబ్‌లో మ్లాదోస్త్ పుట్టకూడదు. దుబ్రోవ్నిక్ దగ్గర ఏడ్రియాటిక్ సముద్రంలో ఆటుపోట్లు చాలా స్వల్పం. రాతి ఒడ్డును ఆనుకునే లోతు మొదలవుతుంది. వేసవిలో నీరు నిలకడగా ఉంటుంది. రెండు గోలు చట్రాలు తేలవేసి బంతి ఆడటానికి అది అనువైన చోటు. అందుకే అక్కడ ప్రతి వేసవిలో బీచ్‌ల పేరిట జట్లు కట్టి ఆడే ‘దివ్ల్యా లీగా’ అనే ఔత్సాహిక పోటీ నడుస్తుంది. మన తీరంలో ఇసుక మేట, విరిగిపడే కెరటాలు ఆ వీలు ఇవ్వవు.

కానీ బీచ్ ఆట పిల్లలకు ఇష్టాన్ని మాత్రమే కలిగిస్తుంది. యూరప్ స్థాయి ఆటగాడిని తయారు చేసేది దుబ్రోవ్నిక్‌లోని గ్రూజ్ ప్రాంతంలో ఉన్న ఈత కొలనులో ఏళ్ల తరబడి సాగే సాధన. అడుగు నేలను తాకకుండా, రెండు కాళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి గుండ్రంగా తిప్పుతూ నీటిపైకి లేచి నిలవగలిగితేనే ఒంటి చేత్తో బంతి పట్టడం, విసరడం సాధ్యమవుతాయి. ప్రత్యర్థి గోలుకు వీపు పెట్టి నిలిచే సెంటర్ ఫార్వర్డ్, తన భుజాల మీద బరువు వేసే రక్షకుడిని కాళ్ల బలంతోనే తట్టుకోవాలి. తప్పు చేసిన ఒక ఆటగాడిని కొద్ది సెకన్లపాటు బయటకు పంపినప్పుడు ఆరుగురు ఐదుగురిపై దాడి చేసే క్షణాల్లో, బంతి చేతులు మారే వేగమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. వీటిలో ఏదీ ఈత వేగం చూసి అంచనా వేయగలిగేది కాదు. పిల్లలను కేవలం ఈత పందెం సమయాలు చూసి వాటర్ పోలోకు ఎంపిక చేసే పద్ధతి మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అపోహ: యుగ్ పూర్తిగా స్థానికుల జట్టు, బయటివారికి చోటు లేదు.

వాస్తవం: పునాది స్థానికులదే. 1984లో స్వర్ణం గెలిచిన గోరాన్ సుక్నో కుమారుడు సాండ్రో సుక్నో 2012 లండన్‌లో, ఈసారి క్రొయేషియా తరఫున, ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. అయినా స్పెయిన్‌లో పుట్టిన హావియెర్ గార్సియా యుగ్‌లో ఆడి, క్రొయేషియా జట్టుతో 2016 రియోలో రజతం సాధించాడు. ప్రతిభ ఉన్న యువకులు ఇటలీ క్లబ్బులకు వెళ్లడమూ మామూలే.

అపోహ: చిన్న ఊరి క్లబ్ ధనిక క్లబ్బుల ముందు నిలవలేదు.

వాస్తవం: 2006లో సొంత ఊరి ప్రేక్షకుల ముందు ఇటలీకి చెందిన ప్రో రెక్కోను ఓడించి యుగ్ కప్పు గెలిచింది. 2007, 2008 ఫైనళ్లలో అదే ప్రో రెక్కో చేతిలో ఓడిపోయింది. 2013 ఫైనల్‌లో సెర్బియా క్లబ్ త్స్‌ర్వేనా జ్వేజ్దాకు తలవంచి, 2016లో బుడాపెస్ట్‌లో ఒలింపియాకోస్‌ను 6-4తో ఓడించి మళ్లీ విజేత అయింది. మరుసటి ఏడాది అదే నగరంలో హంగరీ క్లబ్ సోల్నోక్ చేతిలో ఫైనల్ పోగొట్టుకుంది. ఓడిన ఫైనళ్లను కూడా ఈ క్లబ్ ఘనతల్లోనే లెక్కించాలని నా అభిప్రాయం. ఎందుకంటే అంత పెద్ద పోటీలకు చేరే ఊరే మేటి ఆటగాళ్లను అందిస్తుంది: 2017 వేసవిలో బుడాపెస్ట్‌లోనే హంగరీని ఓడించి ప్రపంచ విజేతగా నిలిచిన క్రొయేషియా జట్టు గోల్‌కీపర్ మార్కో బియాచ్, సాండ్రో సుక్నో ఇద్దరూ దుబ్రోవ్నిక్ వారే.