పెనిన్సులా: ద్వీపం కావడానికి కాస్తలో ఆగిన నేల

మూడు వైపులా నీరు, ఒక వైపు నేల ఉంటే ద్వీపకల్పం. బడిలో అందరం ఇలాగే వల్లె వేశాం. నిర్వచనం తప్పేమీ కాదు గానీ, మాట లోపల ఏముందో అది చెప్పదు. 'కల్పం' అనగానే పిల్లలకు బ్రహ్మకల్పమో, కల్పవృక్షమో తోస్తే ఆ లోపం వాళ్లది కాదు, మాట విప్పి చూపని పాఠానిది.

ఇంగ్లీషులోని 'పెనిన్సులా' లాటిన్ మాట. 'పైనె' అంటే దాదాపు, 'ఇన్సులా' అంటే ద్వీపం. ఉత్తర ఇటలీలో గార్దా సరస్సు దక్షిణపు ఒడ్డు నుంచి నీళ్లలోకి సన్నగా సాగిన నేల ఒకటుంది, పేరు సిర్మియో. క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ కవి కటుల్లుస్ దాన్ని ద్వీపాలకూ, దాదాపు ద్వీపాలకూ కంటిపాప అని మురిసిపోయాడు. ఆయన వాడిన లాటిన్ మాటకు అర్థం 'చిట్టి కన్ను'. మనం ముద్దుగా కంటిపాప అన్నట్టే.

ఈ 'ఇన్సులా' మన ఇళ్లలోకి మరో దారిన వచ్చింది. క్లోమంలో ద్వీపాల్లా విడివిడిగా ఉండే కణాల గుంపుల నుంచి ఊరుతుంది కాబట్టే ఇన్సులిన్‌కు ఆ పేరు.

ఇక మన 'కల్ప' సంగతి. ఇది సంస్కృత ప్రత్యయం. 'ఈషదసమాప్తి', అంటే పూర్తి కావడానికి కొంచెమే తక్కువ అనే అర్థంలో వస్తుందని పాణిని సూత్రం. ఋషికల్పుడంటే ఋషి కావడానికి కాస్తలో ఆగినవాడు. ద్వీపకల్పమూ అంతే. 'పైనె' చేసే పనే ఇక్కడ 'కల్ప' చేస్తోంది. లాటిన్‌లో ముందు చేరింది, సంస్కృతంలో వెనక చేరింది, తేడా అంతే. ద్వీపం అన్న మాటను విప్పితే 'రెండు పక్కల నీరు' అని వస్తుంది. అంటే వైపులు లెక్కపెడుతూ కూర్చుంటే ద్వీపానికి రెండు, ద్వీపకల్పానికి మూడు అవుతాయి! ఈ మాటలకు లెక్క కన్నా ఆ 'దాదాపు' ముఖ్యం. ఫ్రెంచివాళ్లూ దాదాపు ద్వీపమనే అంటారు. జర్మన్‌లో మాత్రం 'సగం ద్వీపం'. నాకది అంతగా అతకలేదు, కొరత సగం కాదు కదా.

కటుల్లుస్ మెచ్చిన ఆ నేల ఇప్పటి సిర్మియోనె. దాని మెడ దగ్గర మధ్యయుగంలో ఒక కోట కట్టారు. కోట చుట్టూ సరస్సు నీళ్లే. పాత ఊళ్లోకి వెళ్లాలంటే వంతెన దాటాలి.